సైకిల్ మీంచి పడ్డవాళ్ళు

మా గ్యాంగులో ఎవడికి దెబ్బ తగిలినా సైకిల్ మీంచి పడే తగిలేది. కాలు విరిగినా సైకిలే, నడుం పడిపోయినా సైకిలే. బస్తాల వల తెగి నెత్తిన పడ్డా, బరువులెత్తే వించి తాడు తెగి మొహాన కొట్టినా, ఆసుపత్రి కాగితంలో మాత్రం సైకిల్ అనే రాసి ఉండేది. పోర్టు రోడ్డు మీద సైకిళ్ళు ఇంతమందిని ఎలా పడేస్తున్నాయని ఒక్క డాక్టరైనా అడిగిన పాపాన పోలేదు.

ఈ సంగతి ఎప్పుడైనా చెబితే వినేవాళ్ళు తలాడించి, "ఆ రోజుల్లో పోర్టు కలాసీల ఐకమత్యం అలాంటిదండీ" అంటారు. ఒళ్ళు మండిపోతుంది నాకు. ఐకమత్యమట! అది ఎవరి కొంప ముంచిందో నాకు తెలుసు. మా అప్ప కొంప ముంచింది. అప్ప అంటే అక్క. మా వైపు అలాగే పిలుస్తాం.

అప్ప మొగుడు, అంటే మా బావ, ఆ గ్యాంగుకి మేస్త్రీ. తగరపువలస పక్క పల్లెలో పదో తరగతి చదివేసి, పొలం పనికి ఒళ్ళు వంగక బలాదూరు తిరుగుతున్న నన్ను విశాఖపట్నం లాక్కొచ్చి చేతికి బస్తాలు లాగే కొక్కెం ఇచ్చింది ఆయనే. అది డెబ్భైల నడిమి. ఓడల్లోంచి సరుకు దించే పనిని ఒక కంపెనీ చేయించేది. దాని పేరు చెప్పను. ఆ పేరు నా నోటితో పలకడం నాకిష్టం లేదు.

పని ఎలా ఉండేదంటే, గంధకం ఓడ వచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళాక కళ్ళు తెరిస్తే మంట, మూస్తే మంట. అప్ప తడిగుడ్డ వేసి కూచోబెట్టేది. మూతికి కట్టుకోవడానికి మా తువ్వాలే మాకు దిక్కు. పద్నాలుగు మందికి ఒక నీళ్ళ డ్రమ్ము, దానికో చిల్లు డబ్బా. చేతి తొడుగులు ఇచ్చినట్టు కంపెనీ పుస్తకంలో ఉండేదట, వాటి పక్కన మా వేలిముద్రలు కూడా ఉండేవట. ముద్రలు ఎప్పుడు వేయించుకున్నారో గాని తొడుగులు మాత్రం మా కంటికి కనబడలేదు. కంపెనీ దొర తన కుక్కని కారులో తిప్పుకుంటూ జెట్టీ మీదికి వచ్చేవాడు. ఆ కుక్కకి నీళ్ళ సీసా విడిగా ఉండేది.

ఇంతకీ సైకిల్ సంగతి. పోర్టు లోపల దెబ్బ తగిలిందని రాయిస్తే ఆ ఓడ మీద పని ఆగుతుంది. విచారణ పేరు చెప్పి గ్యాంగు మొత్తాన్ని దించేస్తారు. వారమో పది రోజులో అందరూ రోజూ పని పంచే బుకింగ్ హాలు అరుగు మీద ఈగలు తోలుకుంటూ కూచోవాలి. తర్వాత పిలిచినా గంధకానికో మసి బస్తాలకో పిలుస్తారు. అది శిక్ష అని ఎక్కడా రాసి ఉండదు. కానీ శిక్షే. అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవడికి దెబ్బ తగిలినా ముందు వాణ్ణి గేటు దాటించేయాలి. గేటు బయట ఏమైపోయినా కంపెనీకి పట్టదు, ఓడ ఆగదు.

నెత్తురు కారుతున్న మనిషిని గేటు దగ్గర జవాను ఆపుతాడు. తాగినవాణ్ణయితే ఆపడు, రెండు బూతులు తిట్టి పొమ్మంటాడు. అందుకే మా సామాన్ల గదిలో మూల ఒక సారా సీసా ఎప్పుడూ ఉండేది. మావాళ్ళలో పచ్చి తాగుబోతులు కూడా దాని జోలికి పోయేవారు కాదు. దెబ్బ తగిలినవాడి చొక్కా మీద అది ఒంపి, దెబ్బ చుట్టూ గోనె చుట్టి, చెరో రెక్కా పట్టుకుని నడిపించేవాళ్ళం. నడవలేకపోతే మోసేవాళ్ళం. తాగి పడిపోయినవాణ్ణి మోసుకెళ్ళడం అక్కడ వింత కాదు. దారి పొడుగునా తిట్టే పని మా బావది. "పదరా ఎదవా, పట్టపగలు తాగీసి ఓడెక్కుతావా, నీ పెళ్ళాం మొకం సూసి వదిలేత్తన్నాను" అని అంత బాగా తిట్టేవాడు గ్యాంగులో మరొకడు లేడు. గేటు దాటాక రైలు పట్టాల పక్కన కూచోబెట్టి, ఎవడిదో ఒక సైకిల్ ముందు చక్రాన్ని తొక్కి వంకర చేసి పక్కన పడేసేవాళ్ళం. ఆ తర్వాత రిక్షా, పెద్దాసుపత్రి.

నేను చేరాక అలా ఆరుగుర్ని దాటించాం. ఇద్దరి కాళ్ళు నేనే పట్టుకున్నాను. ఆరుగురిలో ఒక్కడు కూడా మళ్ళీ కొక్కెం పట్టలేదు. ఆరు నెలలు పనికి రాకపోతే లిస్టులోంచి పేరు కొట్టేసేవారు. సైకిల్ మీంచి పడ్డవాడి పూచీ కంపెనీ ఎందుకు పడుతుంది? మొదటి నెల గ్యాంగు తరఫున బియ్యం పంపేవాళ్ళం. రెండో నెల వెళ్ళి పలకరించేవాళ్ళం. మూడో నెలకి ఆ ఇంటి ముందునుంచి వెళ్ళకుండా వేరే సందులోంచి వెళ్ళేవాళ్ళం. ఇదీ మా ఐకమత్యం.

ఎనభైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీకి యంత్రాలు దిగడం మొదలైంది. ఒక్కో చెక్క పెట్టె మా ఇంటి గదంత ఉండేది. వాటిని ఎలా దించాలో మాకెవరూ నేర్పలేదు. బస్తాలు దించినట్టే దించమన్నారు. పెట్టె నేలకి జానెడు ఎత్తులో ఉండగా కింద దుంగలు సర్దాలి, చెయ్యి తీశాక సైగ చేయాలి, అప్పుడు వించివాడు పూర్తిగా వదలాలి. ఆ వేళ మధ్యాహ్నం భోజనాల ముందు, సైగ చేయకుండానే పెట్టె దిగిపోయింది. మా బావ కుడిచెయ్యి ఇంకా దుంగ మీదే ఉంది.

ఆయన అమ్మా అనలేదు. కెవ్వున అరవలేదు. మేం కడ్డీలు వేసి పెట్టె ఎత్తుతుంటే పళ్ళు కరుచుకుని ఒకే మాట అన్నాడు.

"సీసా తెండ్రా."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెడ్డ కోపం వస్తుంది. చెయ్యి చితికిపోయిన మనిషికి మొదట గుర్తొచ్చింది పెళ్ళాం కాదు, పిల్లలు కాదు, ఓడ ఆగకూడదని! మేమూ తక్కువేం తినలేదు. తెచ్చాం. ఒంపాం. గోనె చుట్టాం. ఒక రెక్క నేను పట్టుకున్నాను. గేటు దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కొచ్చింది. తిట్టేవాడే ఇప్పుడు దెబ్బ తిన్నవాడు. అందరం నోళ్ళు మూసుకుని నడుస్తున్నాం. జవాను మా వంక అనుమానంగా చూడ్డం మొదలెట్టాడు.

బావ నా చెవిలో, "తిట్టరా. నోరెత్తి తిట్టు. సూత్తన్నాడు ఆడు" అన్నాడు.

తిట్టాను. నాకు బతుకుతెరువు చూపించిన మనిషిని, మా అప్ప మెడలో పుస్తె కట్టిన మనిషిని, పదిమంది ముందు తాగుబోతు ముండాకొడకా అని తిట్టాను. జవాను నవ్వాడు, ఓ బూతు తనూ కలిపాడు, గేటు తీశాడు. పట్టాల పక్కన పడేసిన సైకిల్ నాదే. చక్రాన్ని నా కాలితో నేనే తొక్కాను.

చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. తాగి సైకిల్ మీంచి పడ్డాడని రాశారు. కంపుకొడుతున్న చొక్కా చూసి నర్సమ్మ అప్పని పక్కకి పిలిచి, "మగాణ్ణి కాస్త అదుపులో పెట్టుకోవాలమ్మా" అని బుద్ధి చెప్పింది. బావ తాగడని అప్పకి తెలుసు. అయినా తలొంచుకుని విన్నది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు బుకింగ్ హాల్లో నా వంతు రాక, గోడకానుకుని, నోటీసు బోర్డు వంక చూస్తున్నాను. ఏళ్ళ తరబడి రోజూ చూసే బోర్డే. ఏ ఓడకి ఏ గ్యాంగో చూసుకుని వెళ్ళిపోవడమే తప్ప మిగతా కాగితాలు ఎవరు చదువుతారు? ఆ రోజు చదివాను. పనిలో దెబ్బ తగిలి చెయ్యో కాలో పోయినవాడి పేరు లిస్టులోంచి తీయకూడదని, వాడు చేయగలిగిన తేలిక పని, గేటు దగ్గరో సామాన్ల గదిలోనో ఇచ్చి తీరాలని, శుద్ధమైన తెలుగులో అచ్చేసి ఉంది. దెబ్బ గురించి నిజం చెప్పిన గ్యాంగుని ఖాళీగా కూచోబెట్టకూడదని కూడా ఉంది. కాగితం అంచులు పచ్చబడిపోయాయి. కింద తేదీ చూస్తే రెండేళ్ళ కిందటిది.

గ్యాంగు మొత్తంలో గబగబా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా చదువు తగలెయ్య!

యూనియన్ ఆఫీసుకి పరిగెత్తాను. నాయకుడు కుర్చీలో వెనక్కి వాలి, "ఔనయ్యా, మేం పోరాడి సాధించిందే అది" అన్నాడు. "మాకు చెప్పలేదేం?" అంటే, "బోర్డు మీద పెట్టించాం కదా" అన్నాడు. ఆ మనిషి మొహం మీద ఉమ్మేయకుండా ఎలా బయటికొచ్చానో నాకే తెలీదు.

ఇంటికెళ్ళి అప్పకి చెప్పాను. అప్ప మొహంలో అన్నాళ్ళకి కాస్త వెలుగొచ్చింది. "అయితే ఈయన పేరుంటాదా? ఏదో ఓ మూల కూకోబెట్టి పని సెప్తారా?" అని నాలుగుసార్లు అడిగింది. ఉంటుంది, కానీ పోర్టు లోపలే దెబ్బ తగిలిందని ఒప్పుకోవాలి, ఆరు నెలలు నిండకముందే ఒప్పుకోవాలి అన్నాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఏటంటావ్ బావా?" అంటే, "మీ ఇట్టం" అన్నాడు. దాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

అర్జీ నేనే రాశాను. అప్ప తీసుకెళ్ళి లేబర్ ఆఫీసులో ఇచ్చింది. వారం తిరక్కుండా గ్యాంగులో పొక్కింది. భోజనాల దగ్గర నా చుట్టూ చేరారు.

"ఒరే, నువ్వెళ్ళి నిజం సెప్పీసినావనుకో, మేవందరం అబద్దాలాడినోళ్ళం అయిపోతాం. పని కార్డులు లాగీసుకుంటే మా పెళ్ళాం పిల్లలు ఏటి తింటారు?" అన్నాడొకడు.

"ఆడి పెళ్ళాం పిల్లలు ఏటి తింటారో అది సెప్పు ముందు" అన్నాను.

"బియ్యం పంపించాం కదేటి?"

"ఎన్నాళ్ళు పంపించార్రా? ఇంకెన్నాళ్ళు పంపిత్తారు?"

మర్నాటినుంచి నా పక్కన నిలబడి బస్తా పట్టేవాడు లేడు. నేనొక్కణ్ణే బస్తా ఈడుస్తుంటే చూస్తూ నిలబడేవారు. నన్ను దొంగని చూసినట్టు చూసేవారు. చూస్తే చూశారు, పొండెహె అనుకున్నాను. అప్ప మొగుడి పేరు లిస్టులో ఉంటే చాలు, వీళ్ళ మొహాలు నాకెందుకు?

విచారణ రోజు ముగ్గురం సిటీ బస్సెక్కి లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. బావకి అప్ప ఉతికిన చొక్కా తొడిగి, కుడిచేతి గుడ్డ మీద తువ్వాలు కప్పింది. అప్పని కింద మెట్ల దగ్గర కూచోమన్నారు. మేమిద్దరం పైకెళ్ళాం. ఆఫీసరు కుర్రాడు, మా ప్రాంతంవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆ ఆఫీసులో నేను తిట్టుకోలేకపోయిన మనిషి ఆయనొక్కడే. మమ్మల్ని కూచోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కంపెనీ గుమాస్తా ఒకడు పక్కన కూచుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

నేను చెప్పాను. పెట్టె సంగతి, దుంగ సంగతి, గోనె, సీసా, గేటు జవాను, నా సైకిల్, చక్రం, ఏదీ దాచలేదు. గుమాస్తా నవ్వుతూ ఆసుపత్రి కాగితం బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు దాని వంక చూడలేదు. మా బావ వంక తిరిగాడు.

"చూడయ్యా, మీ బావమరిది చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ నువ్వు చెప్పాలి. పోర్టులోనే తగిలిందని ఒక్క మాట చెప్పు, నేను సంతకం పెట్టేస్తాను. మీ గ్యాంగువాళ్ళ మీద ఈగ వాలకుండా చూసే పూచీ నాది. వాళ్ళకోసం భయపడకు."

ఇంతకంటే ఏ మనిషైనా ఏం అనగలడు? నాకు గుండెల్లోంచి బరువు దిగినట్టయింది. కిందికెళ్ళి అప్పకి ఈ మాట ఎలా చెప్పాలా అని కూడా అనుకున్నాను.

మా బావ తలెత్తాడు.

"ఆడికి నా మీద పేణం బాబూ, అందుకని కట్టుకథ సెప్తన్నాడు. నాను తాగీసి సైకిల్ మీంచి పడ్డాను."

ఆఫీసరు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి కూడా అదే చెప్పాడు. గుమాస్తా కాగితం ముందుకి జరిపితే ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు.

గుమ్మం దాటగానే బావ చొక్కా పట్టుకున్నాను. పెద్దా చిన్నా అంతరం చూడలేదు.

"ఏటయింది నీకు? బుర్ర పని సేత్తందా? గ్యాంగుకేటీ అవదని ఆయనే సెప్పాడు కదా! ఇంకెవరికోసం ఆడావు అబద్దం?"

"మెల్లగా మాటాడు. కింద మీ అప్ప ఉంది."

"ఉండనీ! ఇనబడనీ!"

ఆయన మెట్ల మధ్యలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నా చెయ్యి విడిపించుకోలేదు.

"ఆ కాయితం రెండేళ్ళ కిందటిదన్నావ్ కదా?"

"అయితే?"

"ఆరుగురిలో ముగ్గురు ఆ తర్వాతోళ్ళే. లెక్కేసుకున్నాను. ఆళ్ళకీ పని దొరికుండును. గేటు దాటించింది నాను. తిట్టుకుంటా దాటించాను. ఒకడు పట్టాల కాడ నా కాళ్ళు పట్టుకుని, ఆపీసులో సెప్పీద్దాం మేస్త్రీ అన్నాడు. నోర్ముయ్యిరా అన్నాను. ఇప్పుడు నా సెయ్యి పోగానే నాకు నిజం గుర్తుకొచ్చి, నానెళ్ళి గేటు కాడ కుర్సీ యేసుకుని కూకుంటే, ఆడు ఆ దార్న పోతా నన్ను సూడ్డేటి? ఏ మొకం పెట్టుకుని కూకోమంటావ్ రా?"

"ఆళ్ళ దగ్గరికెళ్ళి తప్పయిపోయిందని సెప్పు! ఆళ్ళచేత కూడా అర్జీలు పెట్టిద్దాం! అంతమాత్రం దానికి నోరు పడిపోయిందా?"

"పడిపోయిందిరా" అన్నాడు.

ఎంత పొగరు! దాన్ని సిగ్గు అంటారో పౌరుషం అంటారో, నాకు మాత్రం పొగరులాగే కనబడింది. తప్పు ఒప్పుకోవడం కంటే పెళ్ళాం పిల్లల్ని పస్తు పెట్టడం సులువనిపించింది ఆ మహానుభావుడికి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నేను తిడుతూనే ఉన్నాను.

కింద మెట్ల దగ్గర అప్ప లేచి నిలబడి ఉంది. అంతా వినేసింది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. రెండు మెట్లెక్కి వచ్చి, ఆయన చేతి మీంచి జారిన తువ్వాలు సరిచేసింది.

"ఆ ఆరుగురి మొకాలు సూడ్డానికి నీకు సిగ్గేసింది. ఆళ్ళ పెళ్ళాలేటి సేత్తన్నారో తెలుసా నీకు?" అంది.

బావ తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలుసు. కుళాయి కాడ రోజూ కనబడతారు. ఆరుగురూ రొయ్యల కంపెనీకి ఎల్తన్నారు. పొద్దస్తమానం ఐసులో సేతులెట్టి తొక్కలొలుత్తన్నారు. ఏళ్ళ సందులన్నీ పుళ్ళు. నాను మేస్త్రీ పెళ్ళాన్నని నా బిందె జరిపీసి ఎల్లిపోతారు గాని, ఒక్కర్తీ నాతో మాటాడదు."

కొంగు నడుముకి దోపుకుని మెట్లు దిగింది. చివరి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపట్నించి నానూ ఆళ్ళతోనే ఎల్తాను. మాటాడతార్లే."